డ్రైవ్ ఒకరిది, పట్ ఒకరిది

ఆదివారం సాయంత్రం ఎండ వాలాక కాశిం బంతిని గుంటలోకి తోసే పొట్టి గోల్ఫ్ కర్ర, పటర్, పట్టుకుని పచ్చిక మీదికి వంగాడు. బంతికీ గుంటకీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. ఫిలిప్ మాస్టారు అటు చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. తను పొడుగాటి డ్రైవర్ కర్రతో బంతిని బాదడం, అది గాల్లోకి లేచి దూరాన జెండా దాటి దుమ్ము రేపేదాకా కళ్ళార్పకుండా చూడడం, తృప్తిగా వెనక్కి తిరగడం. ఈలోగా కాశిం తన పని తాను ముగించేసేవాడు. బంతి గుంటలోకి జారితే అడుగున ఉన్న ప్లాస్టిక్ గిన్నెలో టక్కుమని ఒక చిన్న చప్పుడయ్యేది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, ఫిలిప్ మరో బంతి అందుకునేవాడు.

ఈసారి ఆ చప్పుడు రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఫిలిప్ తిరిగి చూశాడు. కాశిం చేతిలో పటర్ బంతి వెనకాల నిలకడగా ఆగడం లేదు. గాలికి కొట్టుకునే కిటికీ రెక్కలా అటూ ఇటూ వణుకుతోంది. కొట్టకముందే దాని అంచు బంతికి తగిలి, బంతి జానెడు పక్కకి దొర్లింది. కాశిం దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టుకుని వంగాడు. మళ్ళీ అదే వణుకు. ఈసారి కళ్ళు మూసుకుని కొట్టినట్టు కొట్టాడు. బంతి గుంట పక్కనుంచి దూసుకుపోయి పచ్చిక దాటి మట్టిలో పడింది.

ఆ స్థలం వెంకటకృష్ణారావుది. కంకిపాడు దాటాక రోడ్డు పక్కన ఉన్న చెరుకు తోట తీసేసి, నేల చదును చేయించి, చుట్టూ వలలు కట్టించి గోల్ఫ్ ప్రాక్టీసుకని తెరిచాడు. పొడుగునా డ్రైవ్ కొట్టుకునే మైదానం, నూట యాభై గజాల దగ్గర ఒక జెండా, రెండొందల దగ్గర ఇంకొకటి. ఓ మూల తివాచీలా నున్నగా కత్తిరించిన చిన్న పచ్చిక, అందులో మూడు గుంటలు. అంతే. చుట్టుపక్కల పద్దెనిమిది గుంటల అసలు కోర్సు లేదు కాబట్టి, బెజవాడలో ఈ పిచ్చి పట్టిన డాక్టర్లూ బిల్డర్లూ అంతా ఇక్కడికే వచ్చేవాళ్ళు. వాళ్ళతో పాటు పటమటలో డ్రిల్లు మాస్టారు ఫిలిప్, ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే కాశిం. ఫిలిప్ బంతి కొడితే చూడ్డానికి మిగతావాళ్ళు ఆట ఆపేవాళ్ళు. కాశిం మొదటి ఏడాది వలలు కుట్టడానికి వచ్చి, పటర్ ఒకసారి చేతిలోకి తీసుకుని, ఇక వదల్లేదు.

ఏటా జరిగే జోడీ పోటీలో ఒకరు దూరానికి డ్రైవ్ కొట్టాలి, రెండోవాళ్ళు గుంటలోకి పట్ వెయ్యాలి. ఈసారి గెలిచిన జోడీని వెంకటకృష్ణారావు విశాఖపట్నం పంపిస్తానన్నాడు. రెండు రోజులు, నిజం కోర్సు మీద. ఆ మాట విన్నప్పటినుంచి ఫిలిప్‌కి మనసు మనసులో లేదు. ఎన్ని వేల బంతులు కొట్టాడో, ఒక్క బంతి వెనకాలా నడిచి వెళ్ళలేదు. కొట్టిన చోటే నిలబడి చూడడమే. తను కొట్టిన బంతి దగ్గరికి గడ్డి మీద నడుచుకుంటూ వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ కొట్టాలని, అది ఎలా ఉంటుందో రిటైరయ్యే లోపు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక.

“కాశిం, అలిసిపోయినట్టున్నావు. కాసేపు నీడన కూర్చో,” అన్నాడు వెంకటకృష్ణారావు. గొంతు మెత్తగానే ఉంది. అంటూనే వచ్చి కాశిం చేతిలోంచి పటర్ తీసుకున్నాడు, పసివాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు. తీసుకుని పక్కనున్న పళ్ళ డాక్టరు జాన్సన్‌కి ఇచ్చాడు. జాన్సన్ కొంచెం తటపటాయించి, అదే బంతిని అదే చోట పెట్టి గుంటలో వేశాడు. టక్కుమంది.

కాశిం వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టి అదిమి పట్టుకున్నాడు.

చీకటి పడబోతుండగా ఫిలిప్ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెంకటకృష్ణారావు దగ్గరికొచ్చాడు.

“మాస్టారూ, ఒక మాట. వచ్చే శనివారమే పోటీ. మీ భుజబలం వృథా కాకూడదు. జాన్సన్‌కి డ్రైవ్ కొట్టేవాళ్ళు లేరు, మీకు పట్ వేసేవాళ్ళు లేరు. మీరిద్దరూ కలిస్తే విశాఖ టిక్కెట్టు మీ జేబులో ఉన్నట్టే. కాశింకి మీరే ఒక మాట చెప్పండి, మీరైతే బాధపడడు.”

ఫిలిప్ తుండుగుడ్డతో డ్రైవర్ కర్ర తల తుడవడం మొదలుపెట్టాడు. మట్టి ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

“సరే మరి,” అని వెంకటకృష్ణారావు ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

స్కూటర్ మీద ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి వచ్చారు. వెనక కాశిం, కాశిం ఒళ్ళో ఇద్దరి సంచులు. రోడ్డుకి అటూ ఇటూ మినప చేలు పీకి కుప్పలు వేస్తున్నారు. ఆ వాసన ఎప్పుడొచ్చినా కాశిం ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు అనలేదు. ఆటోనగర్ గేటు దగ్గర దిగి, ఫిలిప్ సంచి ముందు హుక్కుకి తగిలించాడు. తగిలించడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

“జాగర్తగా వెళ్ళండి మాస్టారూ,” అన్నాడు.

*

“ఆయన చెయ్యి వణకడం ఇవాళ కొత్తా ఏంటి?” అంది ఫిలిప్ భార్య హెలెన్, అన్నం వడ్డిస్తూ. ఆమె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి చీరయినా మార్చుకోలేదు. “కాశిం అన్నయ్య క్రిస్మస్‌కి మనింటికి వచ్చినప్పుడు టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.”

“మొన్న క్రిస్మస్‌కా?”

“మొన్న కాదు, అంతకు ముందు క్రిస్మస్‌కి. మీరు పక్కనే కూర్చున్నారు కదండీ!”

ఫిలిప్‌కి గుర్తు రాలేదు. కాశిం తెచ్చిన ఖర్జూరాల పెట్టె గుర్తుంది. ఆ రోజు తను కొట్టిన డ్రైవ్‌ల గురించి చెప్పిన కబుర్లు గుర్తున్నాయి.

“అయితే ఆ డాక్టరుగారితో కడతారా జత?”

“ఇంకా ఏం చెప్పలేదు.”

“ఏం చెప్పకపోతే వాళ్ళేమనుకుంటారు? సరేననుకోరూ!” అంటూ ఆమె పప్పుగిన్నె ముందుకు జరిపింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది ఫిలిప్‌కి. తగువైతే కనీసం తన వైపు చెప్పుకోవడానికి ఉండేది.

సోమవారమంతా స్కూల్లో చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ‘భాయ్, ఈ ఒక్క ఏడాదికే.’ ‘భాయ్, నువ్వూ విశాఖ రా, నీ ఖర్చు నాది.’ ఏ మాటా నోట్లో పెట్టుకుంటే రుచిగా లేదు. పిల్లలచేత గుండ్రంగా పరుగులు పెట్టిస్తూ ఈల ఊదడం మర్చిపోయాడు. వాళ్ళు ఆయాసంతో రొప్పుతూ, “సార్, ఇంకానా సార్?” అని అరిస్తే గాని తెలియలేదు.

మంగళవారం బడి వదిలాక ఆటోనగర్ వెళ్ళాడు.

కాశిం కొట్టు ముందు ఒక లారీ సీటు ఒలిచిపెట్టి ఉంది. లోపల అతని భార్య షహజాది కింద కూర్చుని దబ్బనంతో రెక్సిన్ కుడుతోంది. ఈ కొట్టుకి ఎన్నిసార్లు వచ్చినా ఆమె కుట్టడం ఫిలిప్ ఎప్పుడూ చూడలేదు. కుట్టేది కాశిమే అనుకునేవాడు. కాశిం బయట నిలబడి పొడుగాటి కర్రతో పాత కొబ్బరిపీచును బాదుతున్నాడు. దుమ్ము మేఘంలా లేస్తోంది.

“రండి మాస్టారూ! షహజాదీ, టీ చెప్పు.” కర్ర గోడకి ఆనించి, ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. ఫిలిప్ గొంతు సవరించుకునేలోపే అతనే అందుకున్నాడు. “మీరు చెప్పక్కర్లేదు. నేనే రావుగారికి పొద్దున ఫోన్ చేశాను. జాన్సన్ డాక్టరుగారి పేరు మీ పక్కన రాయమన్నాను. కుర్రాడైనా మంచి చెయ్యి. తొందరపడడు.”

ఫిలిప్ గుండెల మీదినుంచి బరువు దిగింది. హాయిగా ఉంది. ఆ హాయి ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత నోట్లో చేదుగా మారింది. తను రెండు రోజులు కూర్చుకుని కూడా అనలేని మాట ఇతను తన కోసం తానే అనేసుకున్నాడు.

“డాక్టరుకి చూపించావా?” అని మాత్రం అడగగలిగాడు.

“చూపించాం మాస్టారు గారూ,” అంది షహజాది కుట్టు మీంచి తలెత్తకుండా. “ప్రాణానికేం భయం లేదన్నారు. అల్లా దయ. వణుకు మాత్రం పూర్తిగా పోదంట. సూది పనీ సన్న పనీ కష్టం, మోటు పనికేం ఫర్వాలేదన్నారు.”

టీ వచ్చింది. కాశిం గ్లాసు తీసుకోకుండా బల్ల మీద పెట్టించుకున్నాడు. చల్లారేలోగా అని మళ్ళీ కర్ర అందుకున్నాడు. ఫిలిప్ టీ తాగుతూ చూశాడు. కర్ర భుజం మీదికి లేచేదాకా వేళ్ళు వణుకుతున్నాయి. లేచి దిగేటప్పుడు వణుకు లేదు. నడుం తిరుగుతోంది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి పోతోంది, కర్ర గాలిని కోస్తూ ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలచేత గుండు విసిరిస్తున్న ఫిలిప్‌కి అలాంటి కదలిక కనపడితే చూపు తిప్పుకోవడం చేతకాదు.

“భాయ్, ఆగకుండా ఇంకో నాలుగు కొట్టు.”

కాశిం కొట్టాడు.

“రేపు పొద్దున స్కూలు గ్రౌండుకి రా. డ్రైవర్ నేను తెస్తాను.”

“ఎందుకు?”

“డ్రైవ్ నువ్వు కొడతావు. పట్ నేను వేస్తాను.”

కాశిం నవ్వాడు. ఫిలిప్ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. “పిచ్చా మాస్టారూ! మీ డ్రైవ్ వదులుకుని… నా వల్ల మీ విశాఖ పోద్ది.”

“పోతే పోద్ది.”

“మీకు పట్ వెయ్యడం రాదు కదా!”

“నువ్వున్నావుగా నేర్పడానికి.”

షహజాది దబ్బనం ఆపి ఇద్దరినీ చూసింది. అక్కణ్ణించే ఫిలిప్ వెంకటకృష్ణారావుకి ఫోన్ చేశాడు. అవతలినుంచి చాలాసేపు మాటలు వినపడ్డాయి. ఫిలిప్ అన్నీ విని, “మా జోడీ మాదేనండి,” అని పెట్టేశాడు. ఆ మూడు మాటలూ కుళాయి దగ్గరే అనుంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే, ప్రార్థన గంట కొట్టకముందే, పటమట స్కూలు గ్రౌండులో క్రికెట్ వల ముందు కాశిం నిలబడ్డాడు. మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోదీ గాలికే. మూడో దెబ్బకి బంతి కాళ్ళ పక్కనే కప్పలా ఎగిరింది.

“చేతుల్తో కొట్టమాక భాయ్. చెయ్యి తాడు లాంటిది. కొట్టేది నడుం. పీచు దులిపినట్టే.”

“పీచు కింద ఉంటది, ఎక్కడ పడినా పీచే. ఇది నిమ్మకాయంత బంతి మాస్టారూ.”

చిక్కు ఎక్కడుందో ఫిలిప్‌కి కాసేపటికి తెలిసింది. బంతి వెనక కర్ర ఆనించి నిలబడితే వణుకు మొదలవుతోంది. నిలబడిన కొద్దీ పెరుగుతోంది. “అసలు ఆగకు,” అన్నాడు. “నడుచుకుంటూ రా, కర్ర ఊపుతూనే ఉండు, ఆ ఊపులోనే లేపి దించు. ఆగావా, అయిపోయావు.” అలా కొట్టిన పదో పన్నెండో బంతి వల మధ్యలో తగిలి వలని వెనక్కి సాగదీసింది. కాశిం ఆ వలనే చూస్తూ ఉండిపోయాడు. చేతి వంక చూసుకున్నాడు. “భలే మోగింది మాస్టారూ,” అన్నాడు మెల్లగా. ఫిలిప్ వల దగ్గరికి వెళ్ళి ఆ బంతిని తనే ఏరుకొచ్చి అతని ముందు పెట్టాడు. తనకి ఆ మోత ఎప్పుడూ ఊరికే దొరికింది.

సాయంత్రాలు కొట్టులో. కార్ల అడుగున వేసే తివాచీ గుడ్డ చుట్ట ఒకటి నేల మీద పరిచి, చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టారు. ఫిలిప్ పటర్ పట్టుకుని వంగి కొడితే బంతి గ్లాసుని గుద్ది, గ్లాసు ఎగిరి షట్టర్‌కి తగిలి, పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు. షహజాది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గోడ కూలగొట్టే పని కాదు మాస్టారూ ఇది,” అన్నాడు కాశిం. పటర్ తను తీసుకుని చూపించబోయి, చెయ్యి చూసుకుని ఆగాడు. మాటలతోనే చెప్పాడు. “పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టి చెయ్యి తీస్తాం చూడండి, నిద్ర చెడకుండా… అట్లా. చేతుల్లో బలం ఉందని మర్చిపోవాలి మీరు.”

మర్చిపోవడం ఫిలిప్‌కి చాలా కష్టమైంది. బలం ఎక్కడో ఒకచోటినుంచి దొంగలా దూరేది. మణికట్టు ఆపితే భుజంలోంచి, భుజం ఆపితే మెడలోంచి. మరీ మెత్తగా వేస్తే బంతి సగం దారిలో ఆగి వెక్కిరించేది. గంటసేపు వంగేసరికి నడుం పట్టేసింది. చూస్తే ఏమీ లేదు, మూరెడు కదలిక. అదే ఇంత కష్టమా! ఇన్నేళ్ళూ తను వెనక్కి తిరిగేసరికి వినపడిన ఆ చిన్న చప్పుడు వెనకాల ఇదంతా ఉందా! శుక్రవారం సాయంత్రానికి పది బంతుల్లో ఆరు గ్లాసులోకి పోతున్నాయి. ఏడోది కూడా పోయినప్పుడు షహజాది చప్పట్లు కొట్టింది.

“రేపటికి చాలు,” అన్నాడు కాశిం. “ఇంక వేస్తే పాడవుద్ది.”

*

రెండో శనివారం పొద్దున పది జోడీలు వచ్చాయి. వాళ్ళ కుటుంబాలు, షామియానా, మైకు. అయిదు డ్రైవ్‌లు, అయిదు పట్‌లు. రెండు తాళ్ళ మధ్య మొదటి జెండా దాటి పడ్డ బంతికి ఒక మార్కు, రెండొందల గజాల జెండా దాటితే రెండు. గుంటలో పడ్డ ప్రతి బంతికీ రెండు.

పేరు పిలిచినప్పుడు డ్రైవర్ పట్టుకుని కాశిం ముందుకు రావడం చూసి షామియానా కింద గుసగుసలు లేచాయి. వెంకటకృష్ణారావు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, “మాస్టారూ, పొరపాటేం కాదుగా?” అన్నాడు.

“కాదండి.”

కాశిం ఎవర్నీ చూడలేదు. కర్ర ఊపుకుంటూ నడిచి వచ్చాడు, ఆగకుండా లేపాడు, దించాడు. బంతి తాడు అవతల పడింది. ఎవరో ‘అయ్యో’ అన్నారు. రెండోది లోపల పడింది. మూడోది, నాలుగోది కూడా లోపలే, జెండా దాటి. గొప్ప దూరాలు కావు, కాని గీత గీసినట్టు నేరుగా. అయిదోదానికి నడుం పూర్తిగా తిరిగింది. ఫిలిప్ పక్కనుంచి ఆ మోత విన్నాడు, విని ఆ బంతి సంగతి బంతి పైకి లేవకముందే తెలుసుకున్నాడు. అది రెండో జెండా దాటి దుమ్ము లేపింది.

కాశిం కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నాడు. “ఎటు పోయింది మాస్టారూ? నాకు కనపళ్ళేదు.”

“దాటింది భాయ్. దాటేసింది!”

కాశిం నోరు తెరిచి నవ్వాడు. ఫిలిప్ అతన్ని వాటేసుకున్నాడు. వాటేసుకున్నప్పుడు తెలిసింది, మనిషంతా చెమటతో తడిసి ఉన్నాడు.

తర్వాత ఫిలిప్ వంతు. మొదటి పట్ పడింది. రెండోది గుంట దాటి పోయింది, పచ్చిక కూడా దాటిపోయింది. ఈసారి జనం పైకే నవ్వారు. “మాస్టారూ, అది డ్రైవ్ కాదండీ!” అన్నారెవరో. మొన్న కాశిం మీద పడ్డ నవ్వు ఇదేనని ఫిలిప్‌కి అర్థమైంది. చెవులు వేడెక్కాయి. మూడోది పడింది. నాలుగోది గుంటకి ముందే ఆగిపోయింది.

అప్పటికి జాన్సన్, అతనికి ఆఖర్లో జతగా దొరికిన బిల్డరు మిత్రుడూ పది మార్కుల దగ్గర ముందున్నారు. వీళ్ళవి తొమ్మిది. చివరి బంతి పడితే గెలుపు.

ఆరడుగులు. ఫిలిప్ వంగాడు. పటర్ బంతి వెనక పెట్టాడు. చేతులు వణకడం మొదలుపెట్టాయి.

మొదట ఆయన నమ్మలేదు. చెట్టంత మనిషి తను. వేళ్ళు బిగిస్తే వణుకు మోచేతుల్లోకి ఎక్కింది. విశాఖ, గడ్డి, తను ఎన్నడూ నడవని ఆ దారి అంతా కళ్ళముందు తిరిగింది. నడుం ఎత్తి నిలబడ్డాడు. మళ్ళీ వంగాడు. వణుకు పోలేదు.

కాశిం దగ్గరికి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరికీ వినపడకుండా అన్నాడు.

“వణకనీండి మాస్టారూ. ఆపాలని చూడకండి. వణుకుతా కూడా వెయ్యొచ్చు. నేను రెండేళ్ళు వేశాను.”

ఫిలిప్ తల తిప్పి చూశాడు. కాశిం ముఖంలో ఏ నిష్ఠూరమూ లేదు. కిందటి పోటీకీ, అంతకు ముందు పోటీకీ వీళ్ళు రెండో జోడీగా నిలిచారు. కప్పు పట్టుకుని ఫోటో దిగారు. ఆ రెండుసార్లూ, ప్రతి ఆదివారమూ, తను ఆకాశం వంక చూస్తూ ఉండగా, ఈ చేతులు ఇలా వణుకుతూనే బంతిని గుంటలో వేశాయి.

“ఊపిరి బయటికి వదిలేటప్పుడు ఒక్క క్షణం తగ్గుద్ది. అప్పుడు తోసెయ్యండి.”

ఫిలిప్ ఊపిరి వదిలాడు. తోశాడు. బంతి నెమ్మదిగా, చక్కగా దొర్లింది. గుంట అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. సగం గుంట మీదికి వంగి చూస్తున్నట్టు ఆగింది. అంచున ఆగిన బంతి పడడానికి పది సెకన్లు గడువు; వెంకటకృష్ణారావు గడియారం చూశాడు. బంతి పడలేదు.

“రెండో స్థానం, ఫిలిప్ మాస్టారు, కాశిం గారు!” అని మైకులో వినపడింది. వెంకటకృష్ణారావు కాశిం పేరు పక్కన గారు చేర్చడం ఇదే మొదలు. ఆ సంగతి కాశిం గమనించాడో లేదో ఫిలిప్‌కి తెలియలేదు. అతను వంగి ఆ బంతిని తీసి, తుడిచి ఫిలిప్ జేబులో వేస్తున్నాడు.

జాన్సన్ గబగబా వచ్చాడు. “భాయ్, ఆ రోజు మీ చేతిలోంచి పటర్ తీసి నాకిస్తుంటే నేను పుచ్చుకోకుండా ఉండాల్సింది. ఆరోజే చెప్పాలనుకున్నాను.”

“మీరు బాగా వేశారు డాక్టరుగారూ,” అన్నాడు కాశిం. “విశాఖలో పచ్చిక జారుడుగా ఉంటదంట. కొంచెం మెత్తగా వెయ్యండి.”

తిరుగు దారిలో కంకిపాడు దగ్గర చెరుకు రసం బండి ముందు ఆగారు. కాశిం గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు. ఈసారి ఫిలిప్ చూశాడు.

“రెండేళ్ళు నాకెందుకు చెప్పలేదు భాయ్?”

“చెబితే మీరు నా వంకే చూస్తా నిలబడేవాళ్ళు. చూస్తే ఇంకా వణికేది.” కాశిం మూతి తుడుచుకున్నాడు. “మీరు ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కాదు. మిగతావాళ్ళ జోడీలు చూడండి, పడుద్దా లేదా అని తల మీద నిలబడతారు. మీరు మాత్రం కాశిం వేస్తాడులే అని అటు తిరిగి ఉండేవాళ్ళు. ఆ నమ్మకం మీదే నెట్టుకొచ్చా మాస్టారూ.”

అది నమ్మకం కాదని ఫిలిప్‌కి తెలుసు. తన బంతి తప్ప ఇంకేమీ కనపడకపోవడం అది. ఆ సంగతి చెప్పాలని నోరు తెరిచాడు. కాశిం అప్పటికే చెరుకు బండి అతనితో చెబుతున్నాడు, చేతులు గాల్లో తిప్పుతూ: “రెండొందల గజాలు దాటింది బాబూ. నేను కొట్టిందే! మాస్టారుని అడుగు.”

“దాటింది,” అన్నాడు ఫిలిప్. “నేను చూశాను.”

*

మర్నాడు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు లేచి నిలబడమన్నారు పాస్టరుగారు. ఒకరి కూతురికి ఉద్యోగం వచ్చింది. ఒకరికి ఆపరేషన్ బాగా జరిగింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేవని ఫిలిప్ మగవాళ్ళ వైపు చివరి వరసలోంచి లేచాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న హెలెన్ గబుక్కున తలతిప్పి చూసింది.

ఫిలిప్ ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“రెండేళ్ళపాటు ఒకాయన నన్ను మోసుకొచ్చాడు,” అన్నాడు. “నాకు తెలియదు. నేను తిరిగి చూడనుకూడా లేదు.”

“ఆమెన్,” అన్నారు ముందు వరసల్లో.

“నేను ఆయన్ని వదిలెయ్యడానికి సిద్ధపడ్డాను. నోరు తెరిచి అనలేదు గాని, మనసులో వదిలేశాను. ఆయన మాత్రం నన్ను తప్పు పట్టలేదు. నేను తడబడినప్పుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.”

“హల్లెలూయా!” పాస్టరుగారు కళ్ళు మూసుకుని చెయ్యెత్తారు. “చూశారా, ఆయన ప్రేమ!”

ఫిలిప్ తికమకపడ్డాడు. అందరూ ఎవరనుకుంటున్నారో అప్పుడు అర్థమైంది. అలాగే కూర్చుండిపోతే సరిపోయేది. పాస్టరుగారు తర్వాతి వాళ్ళని పిలవబోతున్నారు కూడా. హెలెన్ వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. ఆమెకి తెలుసు.

“అయ్యగారూ, ఇంకొక్క మాట,” అన్నాడు ఫిలిప్. “ఆయన పేరు కాశిం. ఆటోనగర్‌లో లారీ సీట్లు కుడతాడు. నాకు అలాంటి స్నేహితుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి వందనాలు.”

చర్చిలో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. పాస్టరుగారి చెయ్యి ఇంకా పైనే ఉంది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

మొదటి వరసలో చాప మీద కూర్చున్న ముసలి శౌరమ్మ, వినపడీ వినపడని చెవి మీద అరచెయ్యి పెట్టుకుని పక్కనామెని అడిగి, పేరు చెప్పించుకుని, తల పంకించింది.

“కాశిమా? మంచిది నాయనా. స్తోత్రం,” అంది గట్టిగా.

“స్తోత్రం,” అంది హెలెన్. తర్వాత చర్చి అంతా అంది.

ఫిలిప్ కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. వాటిని అదిమి పట్టుకోవాలని ఆయనకి అనిపించలేదు.